కొంచెం వాలు

ఆత్మకూరు బస్టాండు ఎదురు సందులో సురేంద్రబాబుది కంప్యూటర్ల రిపేరు కొట్టు. పదో తరగతిలో నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్నాడు. ఉదయగిరి నుంచి నేను తీసుకెళ్లిన హార్డ్ డిస్కుకు వైరు తగిలించి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"తిరగతా ఉండాది సార్. చదవడం లేదు."

అందులో నా భార్య రేణుకాదేవి గొంతు ఉంది. కరోనాకు బడులు మూసిన ఏడాది, తన మూడో తరగతి పిల్లల కోసం పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేసింది. నూట పన్నెండు పాఠాలు. ఫోను నిండిపోయిందంటే నేనే వాటిని డిస్కులోకి ఎక్కించి, ఫోనులోవి చెరిపేశాను. పోయిన శ్రావణంలో ఆమె పోయింది. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి అడిగాను. ఎవరి దగ్గరా లేవు.

"కింద పడిందా సార్?"

"లేదు."

"ఎక్కడ పెట్టినారు?"

"బళ్లో, ల్యాబు బీరువాలో. గట్టి తాళం దానికే ఉంది." మిగతాది కూడా చెప్పాను. "నువ్విచ్చిన అయస్కాంతాల పక్కన."

రెండేళ్ల కిందట పాడైన డిస్కుల్లోంచి ఊడదీసి, పిల్లలకు చూపించమని అతనే ఇచ్చాడు. బొటనవేలంత ఉంటాయి. రెండు కరుచుకుంటే విడదీయడం పెద్దవాళ్ల వల్ల కూడా కాదు. పోయిన వారం బీరువా తెరిస్తే, వాటిలో ఒకటి డిస్కు రేకుకు అంటుకుని ఉంది. ఏమీ ఆలోచించకుండా లాగేశాను.

సురేంద్రబాబు వైరు తీసేశాడు.

"దానివల్లేనా?" అన్నాను.

"అవునని చెప్పలేను సార్. కాదనీ చెప్పలేను. నేనెందుకిచ్చినానో."

"అడిగింది నేను."

బల్లమీదున్న పాత డిస్కు విప్పి, సూదిమొనలాంటి దాన్ని చూపించాడు. "చదివే తల ఇదే. దీంట్లో పల్చటి పొర ఒకటుంటది. పక్కనే చిన్న అయస్కాంతం పెట్టి, ఆ పొరను ముందే ఒక పక్కకు వాల్చి ఉంచుతారు. ఎందుకో నాకు సరిగ్గా తెలీదు."

కాగితం మీద కొండలా ఒక గీత గీశాను. "పొర ఈ శిఖరం మీద ఉంటే, చిన్న కదలిక వచ్చినా తేడా తెలియదు. ఇటు జరిగినా అటు జరిగినా ఒకటే. ఈ వాలులో నిలబెడితే, ఎక్కిందో దిగిందో తెలుస్తుంది."

"అప్పుడే ఇట్టా చెప్పుంటే ఇంకో పది మార్కులొచ్చేవి సార్."

"చెప్పాను. నువ్వు కిటికీలోంచి చూస్తా ఉన్నావు."

ఇద్దరం కొంచెం నవ్వాం.

"పెద్ద అయస్కాంతం తగిలితే ఆ వాలు చెడిపోవచ్చు. లోపల తిరిగే పళ్లెం మీద అమ్మగారి పాఠాలు ఉండే ఉంటాయి సార్. చదివే తలే లేదు."

పాడైన డిస్కుల్లోంచి డేటా తీసేవాళ్లకు చెన్నైకి ఫోను చేశాడు. అదే మోడలు, అదే ఫ్యాక్టరీలో ఆ నెలలోనే చేసిన డిస్కు దొరికితే దాని తల తీసి వేస్తారట. అది దొరకలేదు. వేరేది వేస్తే పళ్లెం గీసుకుపోవచ్చన్నారు.

"వెతకతా ఉంటాను. కరెంటు మాత్రం పెట్టబాకండి సార్. చెడిన తల పళ్లాన్ని గీకేస్తది."

వారం రోజులుగా రోజూ సాయంత్రం పెట్టి చూస్తున్నానని అతనికి చెప్పలేదు.

ఇంటికొచ్చి డిస్కును ఆమె చీరల బీరువాలో పెట్టాను. తలుపు మూస్తుంటే టక్కున అతుక్కుంది. లోపల అయస్కాంతం ఉంది. డిస్కు బయటికి తీశాను. ఫ్రిజ్ తలుపులోనూ ఉంటుంది. రేడియో స్పీకరులోనూ, టీవీ స్పీకరులోనూ ఉంటుంది. ఏది ఎంత దూరంలో ఉంటే ప్రమాదం లేదో లెక్క నాకు వచ్చు. అయినా దాన్ని ఎక్కడా పెట్టలేక, చేత్తో పట్టుకుని నడవలో నిలబడ్డాను.