నీడ ఎత్తిన చెయ్యి

బడి నుంచి రాగానే నెల్డా ప్రూయిట్ బూట్లు విప్పి గుమ్మం పక్కన పడేస్తుంది. పొద్దున నానబోసి వెళ్ళిన చిక్కుడు గింజలు పొయ్యి మీద పెడుతుంది. జాడీలోంచి చల్లని టీ ఒంపుకుని, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, "రా తల్లీ రా, ఇవాళ ఎంత పీక్కుతింటావో తిను" అంటుంది. జనవరి నుంచీ ఇదే వరస.

ఆ లాప్‌టాప్‌లో ఉన్నది అమెరికా ప్రభుత్వం. అంటే కాలేజీ వాళ్ళు ఆన్‌లైన్‌లో చెప్పే మొదటి ఏడాది పాఠం. చెప్పడమని పేరే గానీ చెప్పేవాడెవడూ కనపడడు. వారానికో అధ్యాయం చదువుకోవాలి, చర్చలో ఒక పోస్టు రాయాలి, ఇంకో ఇద్దరి పోస్టులకి జవాబివ్వాలి, అంతా ఆదివారం లోపల. మార్చిలో ఒకసారి నెల్డా తన పోస్టు బదులు పొరపాటున సరుకుల చీటీ పెట్టేసింది. గుడ్లు, మొక్కజొన్న పిండి, మొగుడు ఆర్లిస్ నడుం నొప్పికి పట్టీ. పది నిమిషాల్లో ఇద్దరు జవాబిచ్చారు. "చాలా బాగా చెప్పారు నెల్డా! మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను" అని ఒకరు, "ఈ కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు" అని ఇంకొకరు. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక పొయ్యి దగ్గరికెళ్ళి గింజలు కలిపింది.

ఎందుకొచ్చిన గొడవ, మానెయ్యొచ్చుగా అంటారా? మానేస్తే ఉద్యోగం పోతుంది. టెక్సాస్‌లో పత్తి పండించే ఓ చిన్న ఊరి బడిలో, చదువు కాస్త మెల్లగా వచ్చే పిల్లల గదిలో టీచరుకి సాయంగా పంతొమ్మిదేళ్ళ నుంచి చేస్తోంది నెల్డా. బూట్ల తాళ్ళు కట్టింది ఆవిడ, అక్షరాలు దిద్దించింది ఆవిడ, చెవులు మూసుకుని బల్ల కింద దూరిన పిల్లల పక్కన తనూ దూరి గంటలు గంటలు కూర్చుంది ఆవిడ. ఇప్పుడేమో, మే నెలాఖరుకి రెండేళ్ళ డిగ్రీ చూపించకపోతే ఆ గదిలో అడుగు పెట్టనివ్వమని పైనుంచి ఉత్తరం వచ్చింది. మిగతా పాఠాలన్నీ చచ్చీ చెడీ పూర్తి చేసింది. టెక్సాస్‌లో ప్రభుత్వం పాఠం గట్టెక్కకుండా ఎవరికీ డిగ్రీ ఇవ్వరు. అదొక్కటే మిగిలింది, అదే మెడకి చుట్టుకుంది.

పాఠం కష్టమని కాదు. గొడవంతా నీడతో.

మూడో తరగతిలో నెల్డా ఊరికే చెయ్యెత్తి ప్రశ్నలు అడిగేది. ఒకరోజు మిసెస్ క్రెన్‌షా విసిగిపోయి, "దించు నెల్డా ఆ చెయ్యి! ఇంక నా క్లాసులో ఎత్తావంటే ఊరుకోను" అని కసిరింది. నెల్డా దించింది. గోడ మీద నీడ దించలేదు. ఆనాటి నుంచి అంతే, ఆవిడ నోరు మూసుకుని కూర్చున్నప్పుడల్లా నీడ చెయ్యెత్తుతుంది. ఊళ్ళో ఎవరూ దాన్ని పట్టించుకోరు. ప్రూయిట్ వాళ్ళ కుక్క కుంటుతుంది, వాళ్ళావిడ నీడ చెయ్యెత్తుతుంది, అంతే. మొదటి పెళ్ళిలో, "ఎవరికైనా అభ్యంతరమా?" అని పాస్టరు అడిగినప్పుడు చర్చి గోడ మీద పెళ్ళికూతురి నీడే చెయ్యెత్తింది. అందరూ నవ్వారు, పెళ్ళి జరిగిపోయింది. రెండేళ్ళకి ఆ మహానుభావుడు ఆవిడ ట్రక్కు అమ్ముకుని ఆ డబ్బుతో ఉడాయించాడు. పాత కారు కొన్నప్పుడూ ఎత్తింది. ఆ కారు గేరుబాక్సు ఇల్లు చేరకముందే ఊడింది.

నెల్డా మాత్రం వేరేగా అనుకునేది. "నా మట్టి బుర్రకి ఎక్కనప్పుడల్లా ఇది లేచి ఊరందరికీ చాటింపు వేస్తుంది" అని. నలభై ఏళ్ళుగా ఆ సిగ్గు ఆవిణ్ణి వదల్లేదు.

ఊళ్ళో ఎవరికీ లేని అభ్యంతరం పరీక్ష యంత్రానికి వచ్చింది. ఈ కాలేజీ పరీక్ష ఇంట్లో కూర్చునే రాయొచ్చు గానీ, కెమెరా కన్నార్పకుండా చూస్తుంటుంది. ముందు లాప్‌టాప్ ఎత్తి గది నాలుగు మూలలూ చూపించాలి, బల్ల కింద చూపించాలి, ఇంకో మనిషి లేడని దానికి నమ్మకం కుదరాలి. మొదటిసారి అంతా చూపించింది. ఇరవై ప్రశ్నలు దాటాక గోడ మీద నీడ నిటారుగా చెయ్యెత్తింది. తెర మీద ఎర్ర పెట్టె వచ్చింది. "గదిలో మరొక వ్యక్తి చెయ్యి కనిపించింది. పరీక్ష నిలిపివేయబడింది."

ప్రొఫెసర్ టాల్‌బట్‌కి రాసింది. "సార్, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి, మీ సమయం వృథా చేస్తున్నందుకు క్షమించండి, అది నా నీడ సార్, ఇంకొక్క అవకాశం..." అని అర పేజీ. జవాబు రెండు రోజులకి వచ్చింది. "సిలబస్ నాలుగో పేజీ చూడండి." పాఠం నిబంధనలన్నీ ఉండే ఆ సిలబస్ నాలుగో పేజీలో ఉన్నదేమిటంటే, మూడు ఎర్ర గుర్తులు పడితే ఫెయిల్.

రెండోసారి దీపాన్ని వెనక పెట్టుకుంది, నీడ ముందుకి, కెమెరాకి కనపడకుండా పడుతుందని. "మీ ముఖం స్పష్టంగా లేదు" అంది యంత్రం. దీపం ముందుకి తెచ్చింది. ముఖం కనపడింది, వెనక గోడ మీద నీడా కనపడింది. "నీకు దండం పెడతాను, ఇవాళ్టికి ఊరుకోవే" అని నీడని బతిమాలింది. ఇరవై ప్రశ్నలు దాటాక మళ్ళీ చెయ్యి. మళ్ళీ ఎర్ర పెట్టె. సహాయ కేంద్రంలో చాట్ చేస్తే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, గదిలోని రెండో వ్యక్తిని బయటికి పంపండి" అని సలహా ఇచ్చారు. గోడకి చెప్పుకున్నా నయమే, గోడ మీద కనీసం నీడైనా ఉంటుంది.

ఆ సాయంత్రం భర్త ఆర్లిస్ గాలిమరల పని నుంచి వచ్చేసరికి చిక్కుడు గింజలు మాడి వాసన కొడుతున్నాయి.

"మాడాయా?" అన్నాడు.

"మాడాయి. తింటే తిను, లేకపోతే మానెయ్."

"తింటాలే. మాడినవీ రుచే." కూర్చుని, మొక్కజొన్న రొట్టె తుంచుకుని, భార్య మొహంలోకి చూశాడు. "మళ్ళీ ఎత్తిందా?"

"ఎత్తక! నా బతుకు తగలెయ్యడానికే పుట్టింది. ఇంకొక్కసారి ఎత్తిందంటే పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం గంగలో కలిసినట్టే."

ఆర్లిస్ నములుతూ ఆలోచించాడు. "పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు నీడ ఎక్కడుంటుందే?"

"ఎక్కడుంటుంది, కాళ్ళ కింద."

"మరి కాళ్ళ కింద తొక్కి కూర్చుని రాయి. కాళ్ళ కిందున్నది చెయ్యెలా ఎత్తుతుందో చూద్దాం."

వేసవిలో అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంటన్నర అవుతుంది. శనివారం ఆ వేళకి పెరట్లో, గ్యాసు ట్యాంకు పక్కన బల్ల వేశారు. అక్కడి దాకా ఇంటి ఇంటర్నెట్ అందుతుంది. ఎండలో తెర కనపడదని ఆర్లిస్ ఓ అట్టపెట్టె కోసి లాప్‌టాప్ చుట్టూ గూడులా నిలబెట్టాడు. గది చూపించమంది యంత్రం. నెల్డా లాప్‌టాప్ ఎత్తి చుట్టూ తిరిగింది. దున్నిన పత్తి చేలు, ఆకాశం, కుంటి కుక్క, మళ్ళీ ఆకాశం. యంత్రం అంతా చూసి, "గదిలో ఎవరూ లేరు, ప్రారంభించండి" అంది.

"నేనిక్కడుంటే నన్నూ లెక్కేస్తుంది" అని ఆర్లిస్ కుక్కని చంకనేసుకుని ఇంట్లోకి పోయాడు.

నీడ కుర్చీ కింద చింకి గుడ్డలా ముడుచుకుంది. నెల్డా దాని మీద రెండు పాదాలూ గట్టిగా అదిమిపెట్టింది. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకుంటే ఆ కదలికకి ఏమంటుందోనని తుడుచుకోలేదు. పది ప్రశ్నలు. పదిహేను. అన్నీ వచ్చినవే, చదివినవే. ఇరవై రెండు అయింది. ఇరవై మూడో ప్రశ్న తెరిచింది.

'చట్టసభ పంపిన బిల్లుని అధ్యక్షుడు తిప్పికొడితే, దాన్ని మళ్ళీ నెగ్గించుకోవడానికి రెండు సభల్లోనూ ఎంతమంది ఓటు కావాలి?' కింద నాలుగు జవాబులు. సగానికి పైన. ఐదింట మూడొంతులు. నాలుగింట మూడొంతులు. అందరూ.

పాదాల కింద ఏదో మెదిలింది. కుర్చీ కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది. బల్ల కాలు పట్టుకుని పైకి పాకింది, మీటల మీదుగా జరిగింది, ఎండ పడని అట్టపెట్టె లోపల, వెలిగే తెర మీద, నల్లగా, ఐదు వేళ్ళతో లేచి నిలబడింది. దాని కొస కెమెరాని తాకింది.

ఎర్ర పెట్టె. "మరొక వ్యక్తి చెయ్యి. పరీక్ష నిలిపివేయబడింది. మూడవ ఉల్లంఘన."

నెల్డాకి అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ తన్నేసి లేచింది. "ఏం పాపం చేశానే నీకు? ఏం కావాలి? ఏం అర్థం కాలేదు నీకు? చెప్పు! ఊరంతా నన్ను మొద్దు అనుకోవాలి, అంతేనా? అనుకున్నారులే, ఇంక దించు!" గొంతు చించుకుని అరిచింది. ఆర్లిస్ కిటికీలోంచి చూసి, రావాలో వద్దో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయాడు.

నీడ దించలేదు. నేల మీద, దుమ్ములో, పొట్టిగా, చెయ్యెత్తే ఉంది.

అరిచి అరిచి అలిసిపోయాక నెల్డాకి ఓ సంగతి తట్టింది. మొదటిసారీ ఈ ప్రశ్న దగ్గరే ఎత్తింది. రెండోసారీ ఇదే ప్రశ్న. రెండుసార్లూ ఆ నాలుగు జవాబులూ చూసి, 'పుస్తకంలో ఇంకోలా చదివినట్టుందే' అనుకుంది. 'ప్రొఫెసర్ తప్పు రాస్తాడా, నేనే తప్పు చదివుంటాను' అని కూడా అనుకుంది.

ఇంట్లోకి నడిచింది. పరీక్ష ఎలాగూ పోయింది, పుస్తకం తెరిస్తే ఎవడేమంటాడు? అధ్యక్షుడి అధ్యాయం తీసింది. మూడింట రెండొంతులు. తనే పసుపు రంగు పూసింది దాని మీద. ఆ నాలుగు జవాబుల్లో అది లేదు. అంటే అసలు జవాబే అక్కడ లేదు.

"ఆర్లిస్, ఇటు చూడు. నాకు అర్థం కాకపోవడం కాదు" అంది.

"ఏంటది?"

"ప్రశ్నే తప్పు."

ఆర్లిస్ పుస్తకం చూశాడు, భార్యని చూశాడు. "నీ మొదటి మొగుడి గురించి కూడా అది ముందే చెప్పింది" అన్నాడు. నెల్డా అక్కడే వంటింటి కుర్చీలో కూలబడింది. చర్చి గోడ గుర్తొచ్చింది, గేరుబాక్సు గుర్తొచ్చింది, మిసెస్ క్రెన్‌షా గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు. కళ్ళ నీళ్ళు తిరిగాయి, కోపం ఇంకా పోలేదు.

ఆ కోపంలోనే ప్రొఫెసర్‌కి ఈమెయిలు రాసింది. ఈసారి క్షమించండి అన్న మాట ఎక్కడా లేదు. "ప్రొఫెసర్ టాల్‌బట్ గారికి. ఇరవై మూడో ప్రశ్నకి సరైన జవాబు మీరిచ్చిన నాలుగింట్లో లేదు. పుస్తకం 312వ పేజీ చూడండి. నెల్డా ప్రూయిట్."

ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి గిన్నెలు కడుగుతుంటే ఫోను మోగింది.

"మిసెస్ ప్రూయిట్ గారా? టాల్‌బట్‌ని." ముసలి గొంతు. మనిషే. నెల్డాకి ఆశ్చర్యమేసింది, ఇన్నాళ్ళూ ఆయన సిలబస్సే అనుకుంది. "మూడు వందల పన్నెండో పేజీ చూశానండీ. మీరన్నది నిజం. టైపు చేసేటప్పుడు అసలు జవాబు ఎగిరిపోయింది."

"ఎప్పుడు టైపు చేశారు సార్?"

"ఆరేళ్ళయింది. పన్నెండొందల మంది రాశారండీ ఆ పరీక్ష. అందరూ నాలుగింట మూడొంతులు అని పెట్టేసి వెళ్ళిపోయారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు. నేను పాఠం చెప్పేదే, ఎవరు తప్పు చేసినా అడిగే హక్కు జనానికి ఉందని కదా."

"సిలబస్‌లో ఎవర్ని అడగాలో లేదు సార్" అంది నెల్డా. అన్నాక, అంత మాట అన్నానా అని నాలుక కరుచుకుంది.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "నిజమే. రాస్తాను. అది సరే, ఈ ఎర్ర గుర్తుల సంగతేంటి? మూడుసార్లూ ఇంకో వ్యక్తి చెయ్యి అంటోంది. ఎవరిదండీ అది?"

"నా నీడదండీ."

"మీ నీడదైతే మీదే కదా! మరి ఇంకో వ్యక్తి అని ఎలా రాస్తుందండీ ఈ దిక్కుమాలిన యంత్రం?" అని ఆయన విసుక్కున్నాడు. "తీసేస్తున్నాను, మూడూ. రేపు కొత్త పరీక్ష తెరుస్తాను. దీపం ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం."

మర్నాడు వంటింట్లో, దీపం ముందు పెట్టుకునే రాసింది. నీడ కదలలేదు. నూటికి ఎనభై రెండు వచ్చాయి. డిగ్రీ కాగితం గడువుకి రెండు రోజుల ముందు చేరింది. మూలన ఎవరో కాఫీ కప్పు పెట్టిన మరక కూడా ఉంది దాని మీద.

బడి మూసే ముందు రోజు సిబ్బంది సమావేశం పెట్టారు. ప్రిన్సిపాల్ హోలిస్ కాగితం చూస్తూ గబగబా చదువుకుపోయాడు. పార్కింగు, భోజనాల వేళలు, ఇంకా ఏవేవో. ఆ వరసలోనే, వచ్చే ఏడాది నెల్డా వాళ్ళ పిల్లల గదిని ఆటలాడే జిమ్ హాలు వెనకున్న రేకుల డబ్బా గదిలోకి మారుస్తున్నామని కూడా చదివేశాడు. దానికి కిటికీలు లేవు. బాస్కెట్‌బాల్ చప్పుడు రోజంతా వినపడుతుంది. చెవులు మూసుకునే పిల్లలు.

"ఎవరికీ అభ్యంతరాలు లేవుగా?" అన్నాడు హోలిస్. అలవాటు కొద్దీ అందరూ వెనక గోడ వంక చూశారు. నెల్డా నీడ చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చునుంది. హోలిస్ ఊపిరి పీల్చుకుని కాగితం తిప్పబోయాడు.

"సార్" అని వినపడింది.

తిరిగి చూస్తే, నెల్డా చెయ్యి పైకెత్తి ఉంది.