మేకులు కొట్టినవాడి పేరు

ఇల్లు కొనేవాళ్ళు పంపిన ఇన్‌స్పెక్టరు వచ్చి ఎక్కడేం లోపాలున్నాయో చూసి వెళ్ళిన మర్నాడు, వాళ్ళు ఏమేం బాగుచేయించమన్నారో చెప్పడానికి ట్రిషా వచ్చింది. మా ఇల్లు అమ్మిపెడుతున్న ఏజెంటు తను. ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది. ఇప్పటికీ టీచర్ అనే పిలుస్తుంది.

"కారే పంపు, పగిలిన కిటికీ అద్దం, ఇవి చిన్నవే టీచర్. అసలు గొడవంతా వెనకాల చెక్క అరుగుతోనే" అంది.

వంటింటి తలుపు తీస్తే ఆ అరుగు మీదికే దిగుతాం. కిందటి వేసవిలో నా భర్త రస్సెల్ కట్టాడు. ఆకులు రాలే కాలానికి ఆయన లేడు.

ట్రిషా మెట్లు దిగి, అరుగు కిందికి వంగి ఫోను లైటు వేసింది.

"చూడండి. ఇంటి గోడకి పెద్ద బోల్టులు వేసి బిగించాలి. ఈ మహానుభావుడు వట్టి మేకులు కొట్టి చేతులు దులుపుకున్నాడు. అవైనా తిన్నగా ఉన్నాయా? ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి! నలుగురు ఎక్కితే కూలుతుందట. కొనేవాళ్ళకేమో నడక నేర్చుకుంటున్న పాప ఉంది. ఎవరు కట్టారు టీచర్ దీన్ని?"

"ఎవరో పనివాడు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట.

"పగలే తాగి పనిచేసినట్టున్నాడు వెధవ. సారీ టీచర్, నోరు జారింది."

 అరుగు కట్టేనాటికే జబ్బుతో రస్సెల్ చేతులు వణికేవి. బోల్టులు బిగించడం ఆయన వల్ల కాలేదు. సుత్తి మాత్రం రెండు చేతులతో పట్టుకునేవాడు. ఒక్కో మేకూ అందించింది నేనే. వంకరపోయిన ప్రతిసారీ "దీనికి పెంపకం సరిగ్గా లేదు" అని నవ్వేవాడు.

"వాడి పేరు చెప్పండి. కొనేవాళ్ళ ఏజెంటు అడుగుతున్నాడు. పాడుచేసినవాడే వచ్చి బాగుచెయ్యాలి కదా. లైసెన్సు ఉంటే ఫిర్యాదు చేద్దాం. ఇలాంటివాళ్ళని వదలకూడదు."

"గుర్తులేదు."

"మీకా! మా క్లాసులో అందరి పేర్లూ ఇప్పటికీ ఇంటిపేర్లతో సహా అప్పజెప్తారు మీరు." ట్రిషా నవ్వింది. "సరే, రస్సెల్ గారి కాగితాల్లో రసీదు ఉంటుంది. పదండి వెతుకుదాం. ఆయనే ఉంటే వాడి తాట తీసేవారు."

 మెట్టు మీద కూర్చుండిపోయాను.

"వెతకొద్దు. కట్టింది రస్సెలే."

ఆమె లైటు ఆర్పేసింది.

"అయ్యో టీచర్... నోటికొచ్చినట్టు వాగాను."

"అరుగు గురించి నువ్వన్నది నిజం. ఆ పాప దీని మీద నడవకూడదు. మంచి వడ్రంగిని పిలిచి బోల్టులు వేయిస్తానని చెప్పు."

"అలాగే. ఎవరు కట్టారో వాళ్ళ ఏజెంటుకి రాయక్కర్లేదులెండి. తెలియదని రాసేస్తాను."

నా మంచి కోరే అంది. కాసేపటి కిందట ఆయన పేరు దాచి నేను చేసిందే, ఇప్పుడు నా కోసం తను చేస్తానంటోంది.

"పేరు రాయి" అన్నాను. "రస్సెల్ ప్రూయిట్. మేకులు అందించింది ఆయన భార్య అని కూడా రాయి."

ట్రిషా తలూపింది. నేను తన మొహం వైపు చూడలేకపోయాను. అరుగు వైపూ చూడలేకపోయాను.