నాగులమ్మ మంచం మీద సంతోషమ్మ

వడమాలపేటలో టిఫిన్ బండి నడిపే సంతోషమ్మకు నోరెక్కువని ఊరంతా అంటుంది. ఆ నోరే లేకపోతే ఆమె ఈపాటికి మనకు దక్కేది కాదు.

విషజ్వరంతో తిరుపతిలో ఓ చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. గుక్కెడు గంజి తాగినా కడుపులో నిలవడం లేదు. ఎదురు వరసలో నాగులమ్మ అనే ముసలామె. చక్కెర జబ్బు, కాలికి మానని పుండు. ఆమె మంచం తల ఉత్తరం గోడకు ఉంది. ఉత్తరానికి తలపెట్టి పడుకోబెట్టేది శవాన్నే గదా అని ఆమెకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు. మర్నాడు సాయంత్రం సంతోషమ్మ ఇది విని, మాకా పట్టింపు లేదులే అవ్వా, నా మంచం తీసుకోమని లేచింది. భర్త మునెయ్య సంచులు అటూ ఇటూ మార్చాడు. తలగడ కాళ్లవైపు వేసుకుంటే పోయేదానికి ఇంత హంగామా ఎందుకని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. నర్సుకు చెప్పాలని అసలే తట్టలేదు.

తెల్లారి డ్యూటీ మారింది. ప్రసన్నకుమారి అనే నర్సు మంచం నంబరు చూసి, నాగులమ్మేనా అని అడిగింది. జ్వరం మగతలో సంతోషమ్మ ఊ అంది. ఆసుపత్రిలో మన జనం దేనికైనా ఊ అంటారు. తెల్లకోటు కనిపిస్తే ఎంత నోరున్నవాళ్లకూ నోరు పడిపోతుంది.

జబ్బకు తడి దూది తగలగానే ఆమె కళ్లు తెరిచింది. నారింజ రంగు మూత తీసిన సన్న సూది. అత్తకు ఏళ్లతరబడి అలాంటి సూది వేసింది తనే. కడుపులో తిండి లేకుండా వేస్తే మనిషి ఎలా చెమటలు పట్టి తెలివి తప్పుతుందో కళ్లారా చూసింది. చెయ్యి లాక్కుంది.

"ఇది సుగరు సూది గదా. నాకు సుగరు లేదు."

డాక్టరు రాసిందే వేస్తున్నానని నర్సు విసుక్కుంది. వాళ్లకు తెలీదా, గమ్మునుండమని మునెయ్య గొణిగాడు. సంతోషమ్మకూ భయం వేసింది. ఎదురు చెబితే రేపట్నించి సరిగ్గా చూడరేమో. అయినా చెయ్యి మాత్రం చాపలేదు.

"నా పేరు సంతోషమ్మ. నిన్న మంచాలు మార్చుకున్నాము. ఆ సూది ఎవురిదో సూసి ఎయ్యి తల్లీ."

ప్రసన్నకుమారి గబగబా సూదికి మూత పెట్టేసింది.

పెద్ద డాక్టరు సౌందరరాజన్ రాగానే ఆమె ఏదీ దాచకుండా చెప్పేసింది. ఆయన మండిపడబోతుంటే సంతోషమ్మ అడ్డుపడింది.

"ఆయమ్మను ఒక్కదాన్నే అనొద్దు సార్. చెప్పకుండా మంచం మార్చింది మేము. ఊ అనింది నేను. మీరు ఏ పేరు పిల్సినా మేము ఊ అంటాము. మా పేరు మమ్మల్నే చెప్పమనండి. ఏం మందో చెప్పి ఎయ్యండి."

ఆయన ఆమె చెప్పింది నిజమేనని ఒప్పుకుని, ఆ వార్డులో ఇకనుంచి అదే పద్ధతన్నాడు.

ఆ మధ్యాహ్నం ప్రసన్నకుమారి నాగులమ్మ దగ్గరికి వెళ్లి పేరు చెప్పమంది. ముసలామె చెప్పింది. ఇది చక్కెర సూది అని నర్సు చూపించింది. అలవాటుగా చాపబోయిన చేతిని నాగులమ్మ మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఇంకా నాకు అన్నం రాలేదు తల్లీ. కంచం వచ్చినాక ఎయ్యి."

ప్రసన్నకుమారి సూదిని ట్రేలో పెట్టేసి, కంచం తేవడానికి తనే వెళ్లింది.