కత్తిరింపు బల్ల మీద ధర

ఆ కుట్టు దుకాణంలో కత్తెర పట్టేది మాస్టర్ ఒక్కడే. గుండీలు కుట్టే అక్క గానీ, ఇస్త్రీ చేసే మావయ్య గానీ ఆయన గీసిన గీత దాటరు. ఆర్నెల్లుగా డబ్బు విషయంలోనూ అంతే. ఒక ఫోన్ల కంపెనీ షేరు రెండింతలవుతుందని మాస్టర్ బల్లగుద్ది చెబితే, ముగ్గురూ కలిసి వంద షేర్లు కొన్నారు. మాస్టర్‌వి అరవై, వాళ్లవి చెరో ఇరవై. అన్నీ ఆయన ఖాతాలోనే. రోజూ పొద్దున్నే కత్తిరింపు బల్ల మూల మీద సుద్దముక్కతో ధర రాశాకే మాస్టర్ గుడ్డ ముట్టుకునేవాడు.

ఆ షేరుకు మాత్రం కుదురు లేదు. ఒకరోజు ఎగిరేది, రెండు రోజులు పడేది. పడినప్పుడల్లా అక్క లేచొచ్చి బల్ల మీది అంకె చూసుకునేది. సొంత మిషను కొనుక్కోవాలని దాచుకున్న డబ్బు మరి.

"అమ్మేద్దామా తమ్ముడూ?"

"నా అరవై పట్టుకుని నేను కూర్చోలేదా అక్కా? ఓపిక పట్టు."

సోమవారం ధర కాస్త లేచింది. ఆ కంపెనీ పని అయిపోయిందని ఎవరో అంటుంటే విని, మాస్టర్ తన అరవై అమ్మేశాడు. వాళ్లకు చెప్పలేదు. చెప్పి అమ్మించాక ధర ఇంకా పెరిగితే తన మాటకు విలువేం ఉంటుందని ఆయన బెంగ. ఎంత పెద్దమనిషో చూడండి! పైగా బల్ల మీద ధర పక్కనే 'ఆగండి' అని కూడా రాశాడు.

శుక్రవారానికి ధర సగానికి పడింది.

"ఇక నా వల్ల కాదు. నావి అమ్మిపెట్టు" అంది అక్క.

మాస్టర్ ఫోన్ తెరిచాడు. ఆమె వెనకే నిలబడి చూస్తోందన్న సంగతి మరిచాడు. తెర మీద నలభై షేర్లే ఉన్నాయి. రోజంతా గుండీలు లెక్కపెట్టే మనిషికి వందకీ నలభైకీ తేడా తెలియదా?

"ఎప్పుడు?" అంది.

"సోమవారం."

"ఒక్క మాట చెప్తే నేనూ అమ్మేదాన్ని కదా తమ్ముడూ."

అంతే. వెళ్లి తన స్టూలు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. మాస్టర్‌కు తల కొట్టేసినట్టయింది.

అంతలో మావయ్య మూడు టీలు పట్టుకొచ్చాడు.

"మా ఇద్దరిదీ ఎంతలెండి మాస్టరూ. నిండా మునిగింది మీరు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ముందిది తాగండి."

అక్క తలెత్తలేదు. ఆమె బయటపెట్టదని మాస్టర్‌కు అర్థమైంది. నోరు మూసుకుని ఆ గ్లాసు అందుకుంటే చాలు, పరువు దక్కుతుంది. చెయ్యి సగం దాకా చాచాడు కూడా. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నావి సోమవారమే అమ్మేశాను మావయ్యా. మీకు చెప్పలేదు."

మావయ్య ఆ గ్లాసును బల్ల మీద, 'ఆగండి' పక్కన పెట్టాడు.

"తెచ్చాను కదా, తాగండి" అని ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు.

వాళ్లిద్దరూ పనిలో పడ్డారు. మాస్టర్ నిలబడే, ఆ టీ అంతా తాగాడు.