గుణించరాని పదో వంతు

సారంగపాణి బల్ల మీది సుద్దముక్కల్లో పొడుగైనదాన్ని ఏరుకొని రెండో లెక్క మొదలుపెట్టాడు. ఇద్దరు సాక్షులు. మొదటివాడు అబద్ధం చెప్పే సంభావ్యత నాలుగో వంతు, రెండోవాడిది అయిదో వంతు. సుబేదారిలోని ఆ ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇరవై ఆరేళ్లుగా ఈ సాక్షులను ఆయన ఇదే గుండ్రని చేతివ్రాతతో నిలబెడుతున్నాడు. చొక్కా మెడపట్టీ అరిగి పోగులు తేలింది. అరచేతి గీతల్లోని తెల్లపొడి ఎంత కడిగినా వదలదు.

"ఇద్దరూ అబద్ధమాడే చాన్స్ ఎంత? గుణించుడే. ఇరవయ్యో వంతు."

కిటికీ పక్క నుంచి తేజస్వి లేచింది. "సార్, ఇద్దరూ ఒక్క మనిషి చెప్పింది ఇని వచ్చి సాక్ష్యం చెప్తే?"

"గప్పుడు ఆ మూడోడ్ని బోనెక్కియ్యాలె!" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. తరగతి నవ్వింది.

"మంచిగ అడిగినవ్ బిడ్డా. అప్పుడవి స్వతంత్ర ఘటనలు కావు. మొదటోడు తప్పు చెప్పిండంటే రెండోడు సుత తప్పే చెప్తడు. ఆ షరతు మీద రెండో దాని సంభావ్యత ఒకటి. నాలుగో వంతును ఒకటితోని గుణిస్తే..."

సుద్ద ఆగిపోయింది.

కిందటి శ్రావణంలో భార్య సావిత్రి రొమ్ములోని గడ్డకు సూది వేసి ఒక ముక్క తీశారు. ఒక ల్యాబు రోగం లేదన్నది. ఆ ముక్కనే చూసి రెండో ల్యాబూ లేదన్నది. వైద్యుడు మాత్రం గడ్డలో మరోచోటి నుంచి ఇంకో ముక్క తీద్దామన్నాడు. సారంగపాణి దవాఖాన వరండాలోనే మందుల చీటీ వెనక లెక్క కట్టాడు: ఒక్కో పరీక్ష రోగాన్ని పసిగట్టకపోయే అవకాశం పదో వంతు, రెండూ పసిగట్టకపోయే అవకాశం నూరో వంతు. అక్కర్లేదని గర్వంగా చెప్పి, ఆమెను బండి మీద ఇంటికి తీసుకుపోయాడు. సూదే రోగమున్న చోటును తప్పిపోతే ఆ ముక్కను ఎన్ని ల్యాబులు చూసినా ఒక్కటే. ఏటా వందల జవాబు పత్రాల్లో ఆయన ఎర్రసిరాతో కొట్టివేసే తప్పు అది.

మూడు గంటలకు దవాఖానకు వెళ్లాడు. రోగం బయటపడేసరికే ముదిరిపోయింది; ఇక మందులు పనిచేయవని వైద్యులు చెప్పి నాలుగు రోజులైంది. సావిత్రి దిండుకు ఆనుకొని, మెల్లగా బత్తాయి ఒలుస్తున్నది.

"తిన్నరా?"

"తిన్న."

"మొఖం చూస్తె తెల్వదా, తిన్నరో లేదో!"

ఆయన స్టూలు దగ్గరికి జరుపుకొన్నాడు. "సావిత్రీ, అప్పుడు నేను కట్టిన లెక్క తప్పు. ఇద్దరు చూసింది ఒక్క ముక్కనే. గుణించొద్దుండె. ఇంకో ముక్క తియ్యనియ్యాల్సి ఉండె."

ఆమె ఒక గింజ తీసి పక్కన పెట్టింది. "లెక్కల సారుకే లెక్క తప్పిందా? పిల్లలకు చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది." కాసేపు ఊపిరి తీసుకొన్నది. "నాకప్పుడు సూదంటే మస్తు భయం. మీరు వద్దన్నరని బండి మీద ఎంత ఖుషయిన్నో. అది సుత తప్పేనా?"

ఆయన పక్కమీది బత్తాయి తొక్కలు ఏరి కాగితంలో చుట్టాడు.

"జర వేడినీళ్లు తెండ్రి."

నీళ్లగది ముందు అయిదుగురున్నారు. తన వంతు వచ్చేదాకా నిలబడి, ఫ్లాస్కు నింపుకొని వచ్చేసరికి, నర్సు సావిత్రి మణికట్టును మెల్లగా పక్కమీద పెడుతున్నది. ఆయనను చూసి తల వంచుకొన్నది.

టిఫిను మూతలో, గింజ ఒక్కటి కూడా లేకుండా ఆయన కోసం ఒలిచిన బత్తాయి తొనలు ఆరు వరుసగా ఉన్నాయి. ఏడోదానికి పొర సగం వరకే వచ్చింది.