ముప్పై ఆరు చోట్ల

కిందటేడు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు చర్చి మెట్ల మీద బాంబు సంచీ వదిలేసి పరారైనప్పటినుంచీ ఆడవాళ్ళ గేటు దగ్గర సిధోమ్ వాళ్ళమ్మే కాపలా. ఇక్కడి క్రైస్తవులు చిన్నప్పుడే కుడి మణికట్టు మీద పొడిపించుకునే పచ్చబొట్టు సిలువ చూపించనిదే చీమను కూడా లోపలికి పోనివ్వదు. కన్నకూతురైనా సరే, చెయ్యి చాపాల్సిందే.

ఇన్సాఫ్ వరుసలో నిలబడి చెమటలు కక్కుతోంది. మొగుడు పోయాక కైరో వదిలి ఈ మినియాలో తమ్ముడి పంచన చేరింది. ఊరికి కొత్త. మూడు ఆదివారాలు గేటు దాకా వచ్చి, ఆవిడను చూసి వెనక్కి పోయింది. ఆమె మణికట్టు మీద సిలువ లేదు, ముడతలు పడ్డ మచ్చ ఉంది. పంతొమ్మిదేళ్ళ కిందట అల్లర్ల రోజుల్లో, క్రైస్తవులెవరో తేల్చడానికి వీధిలో చేతులు పట్టి చూస్తున్నారని విని, వంటింటి తలుపేసుకుని బాత్రూం కడిగే యాసిడ్ తనే ఆ సిలువ మీద పోసుకుంది. నూనె చిందిందని మొగుడికి చెప్పింది. ఆయన నమ్మే పోయాడు పాపం! ఆ సిగ్గుతో అప్పట్నుంచీ చర్చి గడప తొక్కలేదు. ఇప్పుడు నిజం చెబితే ఊరంతా మొహాన ఉమ్మేస్తుంది, చెప్పకపోతే గేటు దాటలేదు.

"ఎవరమ్మా నువ్వు? చెయ్యేది?"

ఎడమ చెయ్యి చాపింది.

"నా చెవిలో పువ్వు కనిపిస్తోందా? కుడిది!"

మచ్చ చూడగానే ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "ఏమైంది దీనికి?"

"నూనె పడింది, అక్కా."

"ఆహా! ఒంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా సిలువ మీదే పడిందా? భలే తెలివైన నూనె!" ఆవిడ సంచీ లాక్కుని బోర్లించింది. దువ్వెన, చేతిరుమాలు, కీర్తనల పుస్తకం పడ్డాయి. "పుస్తకం బజార్లో ఎవరికైనా దొరుకుతుంది. ప్రార్థనలు ఫోన్లో చూసి ఎవరైనా బట్టీ పడతారు. ఇది చెప్పు చూద్దాం. బాప్తిస్మం అయ్యాక బిడ్డకు పవిత్రమైన మైరోను నూనె ఎన్ని చోట్ల పూస్తారు?"

వెనకున్న ఆడవాళ్ళు గుసగుసలు ఆపి మెడలు చాచారు.

"ముప్పై ఆరు," అంది ఇన్సాఫ్. "నుదురు, ముక్కు, నోరు, చెవులు, కళ్ళు, గుండె, బొడ్డు, వీపు, మోచేతులు, మణి..." చూపు తన మచ్చ మీద పడింది.

"ఏం, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. లెక్క ఇప్పుడే తలకెక్కింది. ముప్పై ఆరు చోట్ల దేవుడు నాదని ముద్ర వేస్తే, తను చెరపగలిగింది ఎంత? అదీ పైతోలు! ఇన్నేళ్ళూ ఆ తోలుముక్క కోసమా దాక్కుంది? ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"నూనె కాదక్కా," అంది గట్టిగానే. "యాసిడ్. నేనే పోసుకున్నాను. చంపేస్తారని భయమేసి దేవుడి గుర్తు కాల్చుకున్నాను. నావల్ల అయింది ఒక్కచోటే. మిగతా ముప్పై ఐదు చోట్లా ఆయన నన్ను పట్టుకునే ఉన్నాడు."

దొంగబుద్ధితో వచ్చిన మనిషి తన పరువు తనే ఇలా బజారున పెట్టుకోదని సిధోమ్ వాళ్ళమ్మకు తెలుసు. ఆవిడ మొహం ఎర్రబడింది. చటుక్కున ఇన్సాఫ్ గౌను చెయ్యి కిందికి లాగి మచ్చ కప్పేసింది.

"నా చెవిలో చెప్పొచ్చుగా తల్లీ! అందరూ చూస్తున్నారు. పో, లోపలికి పో."

ఇన్సాఫ్ గౌను చెయ్యి మోచేతి దాకా మడుచుకుంది.

"చూడనీ అక్కా," అంది. "చూడాల్సినవాడు అప్పుడే చూసేశాడు."