రీలు కడిగే పద్ధతి

జానకిరామయ్య చేప తినడు. చేపలు వండే ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సివస్తే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుంటాడు. అయినా ప్రత్తిపాడులో గాలపు దారం చుట్టే రీలు గురించి ఆయన మాట్లాడినంత ఇంకెవరూ మాట్లాడలేదు. అదేమిటని అడిగినవాళ్ళకు చేప బయాలజీ కిందికి వస్తుందనీ, తుప్పు కెమిస్ట్రీ కిందికి వస్తుందనీ చెప్పేవాడు. జూనియర్ కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు ఆయన చెప్పింది కెమిస్ట్రీయే.

రీలు ఆయనది కాదు, శిష్యుడు చైతన్యకృష్ణది. అతనికి బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు ఉంది. మిరపకు తామర పురుగు పట్టిన ఏడాది రైతులు ఏడ్చారు, కొట్టు నడిచింది. ఆ ఏడాదే చైతన్యకృష్ణకు సముద్రం మీద ప్రేమ పుట్టింది. గుంటూరువాళ్ళు కొందరితో కలిసి గాలం క్లబ్బు పెట్టాడు. నెలకో ఆదివారం సూర్యలంక వెళ్ళి ఒడ్డున నిలబడతారు. అతని మొదటి రీలు ఉప్పుకు తుప్పుపట్టి రెండు నెలల్లో బిగుసుకుపోయింది. రెండోది కొన్నరోజే మాస్టారి దగ్గరకు తీసుకొచ్చాడు.

మాస్టారు గంటన్నర చెప్పాడు. క్లోరైడు అయాన్లు, అల్యూమినియం మీది పొర, ఉక్కు బేరింగు, రెండు లోహాలు ఆనుకున్నచోట జరిగే సంగతి. చైతన్యకృష్ణ ఫస్టియర్‌లో లాగే తలూపాడు, ఫస్టియర్‌లో లాగే అర్థం చేసుకోలేదు. రీలును మాస్టారి దగ్గరే ఉంచి, సముద్రానికి వెళ్ళే రోజు పట్టుకెళ్తానని చెప్పి లేచాడు.

రిటైరై ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో జానకిరామయ్యను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన పేరు ఒకప్పుడు కాలేజీ ల్యాబు తలుపు మీద ఉండేది. కొత్త లెక్చరరు వచ్చిన వారంలో దాని మీద రంగు వేశారు. ఇంటి కరెంటు బిల్లు ఆయన తండ్రి పేరున వస్తుంది. అందువల్ల, రీలు కాపాడే విధానాన్ని క్లబ్బులో అందరికీ అచ్చువేసి పంచుతామని చైతన్యకృష్ణ అన్నప్పుడు, ఆయన అడిగింది రెండే. పైన 'జానకిరామయ్య పద్ధతి' అని ఎర్ర అక్షరాల్లో ఉండాలి. ఉప్పుగాలి తగలకుండా లామినేషన్ చేయించాలి.

పద్ధతి ఇది. పొద్దున ఆరింటికి బకెట్టు నిండా కుళాయి నీళ్ళు పట్టి అందులో రీలు అరగంట నానబెట్టాలి. తరవాత పిట్టగోడ మీద ఎండలో అరగంట. చివర రెండు చుక్కల కుట్టుమిషను నూనె. రీలు నెలకోసారి సముద్రానికి వెళ్ళేది, స్నానం మాత్రం రోజూ చేసేది. పెదకాకాని శివుడిక్కూడా ఇంత అభిషేకం ఉండదని ఆయన భార్య బాలసరస్వతి అన్నది. ఆయన పట్టించుకోలేదు.

ఆ వీధిలో ఇంటింటా రెండు రకాల నీళ్ళుంటాయి. కుళాయిలో వచ్చేది బోరు నీళ్ళు. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు అవే. తాగడానికి, పప్పు ఉడకబెట్టడానికి ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాను. బోరు నీళ్ళు నోట పోసుకుంటే ఉప్పన, అందులో పప్పు ఉడకదు. ఇది చంటిపిల్లలకూ తెలుసు. మింగేదానికి క్యాను, కడిగేదానికి బోరు. ఏ చేత్తో అన్నం తినాలో ఎవరూ ఆలోచించనట్టే దీని గురించీ ఎవరూ ఆలోచించరు. రీలు కడిగే వస్తువు. కాబట్టి బోరు. కెమిస్ట్రీ అక్కడిదాకా వెళ్ళలేదు.

క్లబ్బువాళ్ళు పోటీ పెట్టిన ఆదివారం మాస్టారు కూడా కారులో సూర్యలంక వెళ్ళాడు. కుర్చీ వేయించుకుని, ముక్కుకు కండువా చుట్టుకుని, పద్ధతి అచ్చువేసిన యాభై షీట్లూ తన చేత్తోనే పంచాడు. తొమ్మిదింటికి చైతన్యకృష్ణ గాలానికి పండుగప్ప పడింది. అతను పిడి తిప్పాడు. ఇసుక నమిలిన చప్పుడు వచ్చింది. పిడి రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. అతను దారాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగాడు. దారం తెగింది, చేప దాని దారిన అది పోయింది.

ఆ తరవాత క్లబ్బులో ఒకాయన షీటు తీసి మొదటి నియమం గట్టిగా చదివాడు. మిగతావాళ్ళు నవ్వారు. సాయంత్రం షీట్లు వెనక్కి తీసుకుంటే నలభై ఏడే వచ్చాయి. రెండింటిని పరుచుకుని కూర్చున్నారు. ఒకదాని మీద చేప కోశారు.

తిరిగి వచ్చే దారంతా మాస్టారు తయారీలో లోపం గురించి చెప్పాడు. సరుకు నాసి అయితే పద్ధతి ఏం చేస్తుందన్నాడు. ఆ మాట తేల్చుకోవడానికే సోమవారం ఇద్దరూ రీలు పట్టుకుని షఫీక్ దగ్గరకు వెళ్ళారు. షఫీక్ మందుకొట్టే స్ప్రేయర్లు బాగుచేస్తాడు. అతను రీలు విప్పి గుడ్డ మీద పరిచాడు. లోపల తెల్లపొడి కట్టింది. బేరింగు ఎర్రబడింది.

"ఉప్పు," అన్నాడు షఫీక్.

"సముద్రపు ఉప్పు. నేను చెప్పలా? సీలు సరిగ్గా వెయ్యలేదు తయారుచేసినవాడు," అన్నాడు మాస్టారు.

"సముద్రానికి ఎన్నిసార్లు పోయింది?"

మూడుసార్లని చైతన్యకృష్ణ చెప్పాడు.

"నీళ్ళలో ఎన్నిసార్లు పెట్టారు మాస్టారూ?"

"తొంభై రోజులు. ఒక్కరోజు తప్పలా."

"ఏ నీళ్ళు?"

"ఏ నీళ్ళేంటయ్యా, మా కుళాయి నీళ్ళు."

షఫీక్ నవ్వలేదు. తెల్లపొడి వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని గోడ చూపించాడు. స్ప్రేయర్లు బోరు నీళ్ళతో కడగవద్దని రైతుల కోసం అతను రాసి పెట్టిన బోర్డు అక్కడ ఉంది. పెట్టి ఆరేళ్ళయింది. అందులో ఒక వత్తు తప్పుందని రెండేళ్ళ కిందట దిద్దించింది మాస్టారే.

"నేను కూడా స్ప్రేయరు కొన్న ప్రతి రైతుకీ ఇదే చెప్తా," అన్నాడు చైతన్యకృష్ణ.

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు మాస్టారు కదండీ."

షఫీక్ బేరింగు మార్చాడు. మూడుసార్లు మంచినీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, గ్రీజు రాయమన్నాడు. నానబెట్టవద్దని రెండుసార్లు చెప్పాడు. జానకిరామయ్య తల ఊపాడు. నలభై ఏడు షీట్లనూ అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. మొదటి నియమంలో ఒక్క మాట మారిస్తే పద్ధతి నిలబడుతుందని, పద్ధతి నిలబడితే పేరు ఉంటుందని ఆయన లెక్క.

ముందు రీలు కడిగాడు. మూడుసార్లు కడగడానికి క్యాను మొత్తం వంపేశాడు. తరవాత కలం తీసుకుని షీట్ల ముందు కూర్చున్నాడు. 'కుళాయి' అన్నచోట గీత గీశాడు. సిరా ప్లాస్టిక్కు మీద నిలవలేదు. ఇంకో కలం తెచ్చాడు. ఆ గీతా వేలికి అంటుకుని వచ్చేసింది. అడుగున అక్షరాలు అచ్చువేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

అప్పుడు చైతన్యకృష్ణ ఫోను చేశాడు. ఆ షీట్లు క్లబ్బువాళ్ళు మళ్ళీ అడుగుతున్నారన్నాడు.

"దిద్దుతున్నాన్రా. రేపు ఇస్తా."

"దిద్దొద్దంట మాస్టారూ. ఎట్టా ఉన్నయ్యో అట్టాగే కావాలంట. వాళ్ళ ఫ్రెండ్సుకి చూపిస్తారంట."

జానకిరామయ్య పై షీటు మీది ఎర్ర అక్షరాలు చూశాడు.

"పేరు ఉంచుతారా?"

"పేరు లేకపోతే వద్దన్నారు."

ఆయన కలానికి మూత పెట్టి షీట్లను ఒక్క దొంతరగా సర్దాడు. పైన ఎర్ర అక్షరాల మీద ఉన్న సిరా మరకను కండువాతో తుడిచాడు. బాలసరస్వతి కంచం తెచ్చి ముందు పెట్టింది. అన్నం మీద కందిపప్పు బద్దలు బద్దలుగానే ఉంది.

"క్యాను రేపటిదాకా రాదు. బోరు నీళ్ళే పోశా. ఎనిమిది విజిల్స్ వచ్చినా ఉడకలేదు. ఎందుకుడకలేదో మీరే చెప్పండి."

ఎందుకు ఉడకదో ఆయనకు తెలుసు. ఫస్టియర్‌కు ముప్పై నాలుగేళ్ళు చెప్పిన పాఠమే. జానకిరామయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు.